పోయినవాళ్ల అక్షరాలు

ఇటు బాపట్ల నుంచి అటు రేపల్లె దాకా, మధ్యలో తెనాలితో సహా, ఏ సెంటర్లో ఎవరు పోయినా వాళ్ల ఫ్లెక్సీ మీద పేరు నా అక్షరాల్లోనే ఉంటుంది. నా చేతిరాత అనుకునేరు. నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. ఇవి కూర్చుని, కొలిచి, కంప్యూటర్లో గీసిన అక్షరాలు. నిలువు గీతలు అరటి బోదెల్లా లావు, అడ్డగీతలు దారప్పోగుల్లా సన్నం, ప్రతి గీత కొసనా గోరంత పాదం. బస్సులో పోయేవాళ్లు వాటిని చదవక్కర్లేదు. దూరం నుంచి ఆ నలుపు కనబడగానే "అయ్యో, ఎవరో పోయారు" అనేస్తారు. ఎవరన్నది దగ్గరికొచ్చాక చూసుకుంటారు.

గొప్పే కదా అంటారు వినేవాళ్లు. ఏం గొప్ప, నా మొహం! ఆ అక్షరాలు నేను గీసింది పెళ్లి కార్డు కోసం. ఉన్నమాట చెప్పాలంటే నా పెళ్లి కార్డు కోసం. అప్పటికి సంబంధం లేదు, పెళ్లికొడుకు లేడు. కార్డు మాత్రం కళ్లకు కట్టినట్టు ఉండేది. తెల్లటి అట్ట, పువ్వుల్లేవు, జరీ లేదు, బొమ్మల్లేవు. మధ్యలో రెండు పేర్లు, నల్లగా, నిండుగా, అంతే.

మాది బాపట్ల. లూథరన్ కుటుంబం. నాన్న కరెంటాఫీసులో గుమాస్తా, అమ్మ మిషన్ బళ్లో టీచరు, ఇంట్లో మాట మాత్రం అమ్మదే. మా ఇంట్లో ఒక పాత ఇంగ్లీషు పాటల పుస్తకం ఉండేది. ఎవరిచ్చారో తెలియదు, ఎవరూ పాడింది లేదు. దాని మొదటి పేజీలో అక్షరాలంటే నాకు పిచ్చి. ఒక గీత స్తంభమంత, పక్కనే ఇంకో గీత వెంట్రుకంత. కాళ్ల కింద చిన్న చిన్న పీటలు. వాటిని సెరిఫ్‌లంటారని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు పలచటి కాగితం వేసి దిద్దేదాన్ని. మన అక్షరాలకి ఇలాంటి ఒడ్డూ పొడుగూ ఎందుకు లేదని నాకు ఉక్రోషంగా ఉండేది.

డిగ్రీ అయ్యాక తెనాలిలో ఒక డీటీపీ, ఫ్లెక్సీ కొట్లో చేరాను. పొద్దున బాపట్లలో ప్యాసింజరెక్కి తెనాలిలో దిగడం, సాయంత్రం మళ్లీ ఎక్కడం. కొట్టు యజమానిని ఊరంతా బాబాయ్ అంటారు, నేనూ అదే అనేదాన్ని. మంచివాడే. కాకపోతే ఎదుటివాళ్ల పని ఆయనకి ఎప్పుడూ చాలా తేలిగ్గా కనబడుతుంది. మధ్యాహ్నం క్యారేజీ తినేశాక మిగిలిన టైములో నా అక్షరాలు గీసుకునేదాన్ని.

మన అక్షరం గుండ్రం. ఇంగ్లీషు దానికి నిలువు గీత దొరుకుతుంది, లావంతా అక్కడ పెట్టొచ్చు. మన 'ల'కి, 'బ'కి లావు ఎక్కడ పెడతాం? అడుగున పెడితే అక్షరం పొట్టపెంచిన మనిషిలా చతికిలబడుతుంది. రెండు పక్కలా పెడితే ఊపిరాడదు. చివరికి పక్కలు లావు చేసి, పైనా కిందా దారమంత సన్నం చేసి, తలకట్టుని ఇంకా సన్నగా లాగి దాని కొసన చిన్న ముక్కు పెట్టాను. అప్పుడొచ్చింది కళ! అక్షరం తలెత్తుకుని నిలబడ్డట్టయింది. ఆ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేకపోతే చప్పట్లు కొట్టుకున్నాను. సిగ్గేముంది, బాగుంది మరి.

ఒక తంటా ఉండిపోయింది. ఇవి పెద్దగా వేస్తేనే బతుకుతాయి. చిన్న సైజులో వేస్తే సన్నగీతలు మాయమైపోయి లావు ముక్కలే మిగులుతాయి. అందుకే పేర్లకీ, బోర్డులకీ తప్ప పనికిరావు. ఇంకొకటి, వత్తులు. ఒక్కో వత్తునీ విడిగా, దాని కొలతలో దాన్ని గీయాలి. తెలుగులో ఎన్ని వత్తులో, అవి ఎన్ని అక్షరాల కింద వేలాడతాయో గీసేవాళ్లకే తెలుస్తుంది. అవన్నీ పూర్తిచేస్తే గానీ అది ఫాంటు అవదు, కీబోర్డు మీద కొడితే రాదు. అందాకా ప్రతి పేరూ నేనే ముక్కలు పేర్చి, లేని వత్తు అప్పటికప్పుడు గీసి, అతకాలి. నిదానంగా పూర్తిచేద్దాంలే, నా పెళ్లినాటికి అయిపోతుందిలే అనుకున్నాను.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందన్నట్టు, ఒక రోజు తెనాలిలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు పోయారు. ఊళ్లో సగంమంది ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్లే. పదిమంది శిష్యులు కొట్టు మీద పడ్డారు, సాయంత్రంలోపు సెంటర్లో కట్టాలని. బాబాయ్ నా వెనకాల నిలబడి కంప్యూటర్లోకి తొంగిచూశాడు.

"ఏమ్మా, ఇవేవో నిండుగా ఉన్నాయే! ఇవే వేసెయ్."

"ఇవి పెళ్లికండి బాబాయ్!"

"పెళ్లికైనా చావుకైనా అక్షరాలే కదమ్మా. కానీ, కానీ, వాళ్లు నిలబడున్నారు."

శిష్యులు అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నారు. కాదంటే బాగుండదు. వేశాను. సాయంత్రం స్టేషనుకి నడిచిపోతూ చూశాను, తెల్లటి ఫ్లెక్సీ మీద ఆయన పేరు మనిషంత ఎత్తున నిలబడింది. జనం ఆగి చూస్తున్నారు. సైకిలు దిగి నమస్కారం పెట్టినవాళ్లున్నారు. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకబద్ధం.

ఆ వారంలోనే ఇంకొకళ్లు వచ్చారు. "మాస్టారికి వేసిన అక్షరాలే వెయ్యండి" అన్నారు. తరవాత ఇంకొకళ్లు. ఒకసారి పొరపాటున మామూలు అక్షరాలతో వేసిస్తే, పోయినాయన కొడుకు ఫ్లెక్సీ చుట్ట తెచ్చి కౌంటరు మీద పడేశాడు. "మా నాన్న ఏం తక్కువ తిన్నాడండీ? ఆయనకి సన్నక్షరాలేంటి?" అని దెబ్బలాట. ఇంకేం చెప్పను? అక్షరం లావుని బట్టి చనిపోయినవాళ్ల పరువు కొలవడం మొదలైంది. హిందువులకి పెద్దకర్మ ఫ్లెక్సీ, మావాళ్లకి ఆదరణ కూడిక కార్డు, దేనికైనా అవే. ఆదరణ కూడికంటే, మాలో మనిషిని భూస్థాపన చేశాక ఆ ఇంటివాళ్లని ఓదార్చడానికి అందరం చేరే ప్రార్థన. దానికి కార్డు కొట్టిస్తాం. చిన్నప్పుడు ఏ అక్షరాలు చూసి మురిసిపోయానో, ఏ పెళ్లికోసం గీశానో, అవి ఇప్పుడు కన్నీళ్లలో తడుస్తున్నాయి.

ఊరుకుంటానా? వాటిని బయటికి లాగాలని నేను పడని పాట్లు లేవు. మిఠాయి కొట్టు బోర్డుకి వేసి చూపిస్తే ఆ కొట్టాయన రెండు కళ్లూ మూసుకున్నాడు. ఓణీల ఫంక్షన్ కార్డుకి వేస్తే ఆ పిల్ల అమ్మమ్మ నన్ను శాపనార్థాలు పెట్టింది. ఇక పుట్టినరోజు ఫ్లెక్సీ సంగతి చెప్పాలి.

ఒక కుర్రనాయకుడు వచ్చి, "దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడాలక్కా, లావుగా వెయ్" అన్నాడు. అడిగినవాడికి లేదనకూడదుగా! శుభాకాంక్షలని ఇంతెత్తున నా అక్షరాల్లో వేశాను, కింద అతని నిలువెత్తు ఫోటో. రోడ్డు పక్కన కట్టారు. పొద్దున కొల్లూరు నుంచి అతని మేనత్త బస్సులో వస్తోంది, ఒళ్లో అరటిగెల. కిటికీలోంచి అక్షరాలు చూసింది, కింద మేనల్లుడి ఫోటో చూసింది. అంతే, "ఓరి నా తండ్రో!" అని బస్సులోనే గుండెలు బాదుకుంది. ఆవిడ దిగి ఏడుస్తూ ఇంటికి చేరేసరికి వెనకాల సగం బస్సు ఉంది. అతగాడు అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

మధ్యాహ్నం కొట్టుకొచ్చాడు. "ఏంటక్కా ఇది? నేను బతికే ఉన్నానని ఇంకో ఫ్లెక్సీ కట్టించుకోమంటావా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఆ పూటనుంచి ఆయన మాట ఒకటే: ఆ అక్షరాలు బతికున్నవాళ్లకి వెయ్యడానికి వీల్లేదు.

"అయితే ఫాంటు పూర్తిచెయ్యనివ్వండి బాబాయ్. ఎవరికి కావాలంటే వాళ్లు ఏది కావాలంటే అది కొట్టుకుంటారు. నేనూ ఒడ్డున పడతాను."

"పూర్తిచేస్తే అన్ని కొట్లకీ పాకుతుందమ్మా. ఇంక మన ప్రత్యేకత ఏముంటుంది?"

పూర్తిచేద్దామన్నా తీరికెక్కడిది? చావు చెప్పి వస్తుందా? ఆదివారం గుళ్లో, అంటే మా చర్చిలో, పాట మధ్యలో ఫోను మోగుతుంది. అన్నం ముందు కూర్చుంటే మోగుతుంది. "అమ్మా, ఒకాయన పోయారు, వత్తులున్నాయి పేర్లో, నువ్వు రావాలి." ఊరి పెళ్లికి నేను వెళ్లింది తక్కువ, ఊరి చావులన్నిటికీ హాజరు. కౌంటరు దగ్గర ఏడుస్తూ నిలబడ్డవాళ్లకి ఏం చెప్పాలో తెలియక మొదట్లో తడబడేదాన్ని. తరవాత ఒక్క మాట పట్టుకున్నాను. "పేరు చెప్పండి" అనేదాన్ని. పేరు చెప్పడం మొదలెడితే ఏ మనిషైనా కాస్త స్థిమితపడతాడు. అదే నా పలకరింపైపోయింది. పెళ్లీపెటాకులూ లేకుండా కుడితిలో పడ్డ ఎలుకలా ఆ కొట్లో కొట్టుకుంటుంటే, మా అమ్మ బాపట్లలో కూర్చుని, "నీ అక్షరాలు నువ్వే తెచ్చుకున్నావ్, అనుభవించు" అనేది. కన్నతల్లి అనే మాటేనా అది?

అలాంటప్పుడు రేపల్లె నుంచి ఒకతను వచ్చాడు. అక్కడ రైసుమిల్లులో ఆపరేటరు. చొక్కా మీద తవుడు ఇంకా దులుపుకోలేదు. వాళ్ల నాన్న పోయాడట. పొలం కూలీ. ఫోటో ఇవ్వండంటే రేషన్ కార్డు నుంచి తీసిన మసక ముక్క ఇచ్చాడు. "ఇది పెంచితే బూడిదగుమ్మడికాయలా వస్తుందండీ, ఇంకోటి లేదా?" అని కసిరాను. లేదన్నాడు. సరే, ఫోటో చిన్నది చేసి పేరు పెద్దది చేశాను. కంప్యూటర్లో పేరు నిండుగా రాగానే అతను ముందుకి వంగి చూశాడు.

"మా నాన్న పేరు ఇంత పెద్దగా ఎక్కడా పడలేదండి. అసలెక్కడా పడలేదు" అన్నాడు.

నేనింక కసరలేదు. ఆ పేర్లో ఒక వత్తుంది. ఎప్పుడూ లేనంత ఓపిగ్గా గీశాను దాన్ని.

మళ్లీ ఆదరణ కూడిక కార్డుకి వచ్చాడు. ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడికకి వచ్చాడు. ఆ తరవాత ఒకసారి వచ్చి కౌంటరు దగ్గర ఊరికే నిలబడ్డాడు.

"ఎవరు పోయారండి?" అన్నాను.

"ఎవరూ పోలేదండి."

"మరి?"

"ఊరికే. తెనాలిలో పనుండి..."

"ఏం పని?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. వెనకనుంచి బాబాయ్, "అమ్మా, ఆ అబ్బాయికి కుర్చీ వెయ్" అన్నాడు.

పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. వాళ్లూ లూథరన్లే, పేచీ ఏం లేదు. గుళ్లో మూడు ఆదివారాలు చదవాల్సిన పెళ్లి ప్రకటన చదవడం మొదలైంది. ఇంక కార్డు. అప్పుడు బయటపెట్టాను నా మనసులో మాట. నా పెళ్లి కార్డు నా అక్షరాల్లోనే ఉండాలి.

అమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది. "నీకు మతిపోయిందా? పెళ్లి కార్డా, ఆదరణ కూడిక కార్డా అది? చుట్టాలు పూలదండలు పట్టుకొస్తారు!"

"రానీ. దండలు పెళ్లికీ కావాలిగా."

"నవ్వకు! నాకు కాళ్లూచేతులూ ఆడట్లేదు ఇక్కడ."

నేనేం నవ్వలేదు. నా లోపల ఎంత దుగ్ధ ఉందో అమ్మకి తెలియదు. ఈ ఒక్క కార్డు మీద పడకపోతే ఆ అక్షరాలు ఈ జన్మకి బతికున్న మనిషి పేరు రాయవు. ఎవరూ రాయనివ్వరు. నా పెళ్లికి నేనే వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు? పరాయివాళ్ల మీద నాకు హక్కు లేదు, నా పేరు మీదైనా ఉండాలిగా? ఏడుస్తూ అరిచాను ఇదంతా. నాన్న పేపరు మడిచి, "పెళ్లికొడుకుని అడుగు" అని లేచిపోయారు.

పెళ్లికొడుకుని అడిగాను. "నాకేం అభ్యంతరం లేదండి. నాకా అక్షరాలంటే ఇష్టం. మా అమ్మ ఒక్కత్తీ ఊ అంటే చాలు" అన్నాడు. అమ్మ కూడా దిగొచ్చింది. "ఆవిడ ఒప్పుకుంటే నేనింక మాట్లాడను" అంది. ఆవిడ ఎలాగూ ఒప్పుకోదన్న ధైర్యం అది.

అలా మొత్తం ఆవిడ మాట మీద ఆగింది. కార్డు నమూనా తయారుచేశాను. మంచి అట్ట మీద పైన బైబిలు వాక్యం, మధ్యలో మా ఇద్దరి పేర్లు నా అక్షరాల్లో. కింద మామూలు చిన్న అక్షరాల్లో అమ్మానాన్నల పేర్లు, అతని తండ్రి పేరు ముందు కీర్తిశేషులని. నేనూ అమ్మా తెనాలిలో మారి రేపల్లె బండెక్కాం. దారి పొడుగునా అమ్మ కిటికీలోంచి వరిపొలాలు చూస్తూ కూర్చుంది. నేను కవరు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ వద్దంటే ఏమేం అనాలో వరసగా మాటలు కూర్చుకున్నాను. దెబ్బలాటకి నేను ఎప్పుడైనా సిద్ధమే.

వాళ్ల ఇల్లు మిల్లు వెనకాల. ఒక గది, ముందు రేకు చాలక వాసాల మీద ఫ్లెక్సీ కప్పిన వసారా. మా వైపు ఇది మామూలే. ఏ ఫ్లెక్సీనీ పారెయ్యరు. కూడిక అయిపోయాక విప్పి తెచ్చి వసారాకో, పశువుల పాకకో, ధాన్యం బస్తాల మీదకో కప్పేస్తారు. ఎండకి బొమ్మ పోతుందని అచ్చు వైపు లోపలికి తిప్పుతారు. అందుకని నులకమంచం మీద కూర్చుని తలెత్తగానే కనిపించింది, నా నెత్తిమీద, మా మామగారి పేరు.

పొయ్యి పొగకీ ముడతలకీ నా సన్నగీతలన్నీ పోయాయి. ఎంత కష్టపడి లాగిన గీతలు! తలకట్లు లేవు, పైన దారాలు లేవు. నిలువు లావులు మాత్రం నల్లగా వరసగా నిలబడి ఉన్నాయి. ఎంతో ఓపిగ్గా గీసిన ఆ వత్తు సగమే మిగిలింది. ప్రాణం ఉసూరుమంది.

మా అత్త నాట్లేసి వచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కార్డు తీసుకుంది. సన్నటి మనిషి, గొంతు మాత్రం బండికూత. కార్డుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. మా పేర్ల మీద వేలు పెట్టి జరిపింది. నేను మంచంపట్టె గట్టిగా పట్టుకున్నాను.

"ఇందులో ఆయనేడి?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే, కాబోయే మా ఆయన, ముందుకొచ్చి కింద చిన్న అక్షరాలు చూపించాడు. "ఇదిగోమ్మా, నాన్న పేరు ఇక్కడ."

ఆవిడ కళ్లు చికిలించి చూసింది. తల అడ్డంగా ఊపింది. "ఇది ఆయన కాదురా." తలెత్తి వసారా కప్పుకేసి చూపించింది. "ఆయన అదీ."

నాకేసి తిరిగింది. "నాకు చదువు రాదమ్మాయ్. ఆ ఒక్క పేరే గుర్తుపడతా. అదీ నువ్వు రాస్తేనే. పొద్దున లేస్తే అదే చూస్తా కదా. బయట ఎక్కడన్నా వేరేగా రాసుంటే నాకు తెలవదు, ఆయనే అని."

"అలాగే అత్తా" అన్నాను. ఎక్కడలేని సంతోషం వచ్చింది నాకు. "మామయ్య పేరు కూడా అవే అక్షరాల్లో వేస్తాను. మూడు పేర్లూ అవే. ఎంత బాగుంటుందో చూడు!"

"మూడెందుకు?" అంది. "ఆయన ఒక్కడిదే."

"మరి మావి?"

"మీరు బతికున్నోళ్లు కదమ్మాయ్, మీకెందుకవి? మీ పేర్లు పువ్వుల్లో పెట్టుకోండి. నాలుక్కాలాలు చల్లగా ఉండండి. ఆయనకింకేం ఉంది? ఆ అక్షరాలే ఉన్నాయి." కార్డుని కళ్లకద్దుకుని నా ఒళ్లో పెట్టింది. "పెళ్లికి ఆయన వచ్చినట్టుంటది."

రైల్లో కూర్చిపెట్టుకున్న మాటలన్నీ దేనికీ పనికిరాలేదు. వద్దు అని ఉంటే దెబ్బలాడేదాన్ని. చావు అక్షరాలు, అశుభం అని ఉంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. ఆవిడ వద్దనలేదు. కావాలంది. నేను గీసినదాన్ని లోకంలో నాకన్నా ఎక్కువ ప్రేమించిన మనిషి ఆవిడొక్కతే, ఆవిడతో ఏమని వాదించను? అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. అమ్మ నాకేసి చూసింది. గెలిచిన మొహమేం కాదు. ఎప్పుడూ లేనిది నా వీపు మీద చెయ్యి వేసింది.

మర్నాడు కొట్లో కూర్చుని నా పెళ్లి కార్డు నేనే పేర్చాను. నా పేరు తీసేసి, ఏ కొట్లోనైనా దొరికే తీగల అక్షరాల్లో మళ్లీ కొట్టాను. పెళ్లికొడుకు పేరూ అంతే. చుట్టూ పువ్వులు పెట్టాను, జరీ అంచు కూడా. కింద ఒక్క పేరు మాత్రం నల్లగా, నిండుగా, పువ్వుల మధ్య నిలబడింది. చిన్న సైజులో సన్నగీతలు పోతాయని చెప్పానుగా, ఆ ఒక్క పేరు కోసం గీతలన్నీ కాస్త లావు చేసి మళ్లీ గీశాను. వత్తు బాగా కుదిరింది. కార్డు తీసుకెళ్లి ఇస్తే మా అత్త వేలితో వెతుక్కుని, దొరికాక, "ఇదిగో, ఉన్నాడు" అంది.

పెళ్లయింది. రేపల్లెకి కాపురానికొచ్చాను. బాపట్ల బండి పోయి రేపల్లె బండి వచ్చింది, పొద్దున ఎక్కడం, తెనాలిలో దిగడం మామూలే. కార్డు చూసినవాళ్లు ఊరుకుంటారా? "పెద్దాయన పేరు భలే వేశారు, ఎదురుగా నిలబడ్డట్టుంది" అన్నారు. మొదట మా గుడివాళ్లు అడిగారు. తరవాత అందరూ. ఇప్పుడీ చుట్టుపక్కల ఏ పెళ్లి కార్డు తీసినా, కీర్తిశేషుల పేర్లు నా అక్షరాల్లో ఉంటాయి. లేకపోతే తాతగారిని తక్కువ చేశారని అలుగుతారు. మొత్తానికి పెళ్లి కార్డులోకి ఎక్కాయి నా అక్షరాలు. కోరుకున్నదే జరిగింది, కాదనడానికి లేదు. బాబాయ్ అయితే, "చూశావా, పెళ్లికే అన్నావుగా" అని పకపకా నవ్వాడు. పని రెండింతలైంది. ఫాంటు పూర్తవలేదు, అవదు.

వానాకాలం వసారాలో కూర్చుని అన్నం తింటున్నప్పుడు తలెత్తి చూస్తుంటాను. మామయ్య పేరు మీద చినుకులు టపటపమంటుంటాయి. మొన్న అలాగే చూస్తుంటే ఒక సంగతి తట్టింది. నా పేరు ఆ అక్షరాల్లో పడాలంటే నేను పోవాలి. సరే, ఎప్పుడో పోతాను. కానీ నేను పోతే వేసేవాళ్లేరి? ముక్కలు పేర్చడం నాకు తప్ప ఎవరికీ రాదు. నా పేర్లోనూ ఒక వత్తుంది, అది ఇంతవరకూ ఇంకెవరి పేర్లోనూ రాలేదు, కార్డు నమూనాకి గీసింది కూడా అప్పుడే పేరుతోపాటు చెరిపేశాను. ఊరందరికీ ఉన్న మర్యాద నాకు చచ్చినా దక్కదన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం, క్యారేజీ కడిగేశాక, కూర్చుని ఆ వత్తు మళ్లీ గీశాను. అక్షరాలు పేర్చాను. నా పేరు నాకెదురుగా నిలబడింది. తలకట్లు దారాల్లా, నిలువులు స్తంభాల్లా, కొసన పాదాలతో. చిన్నప్పుడు పాటల పుస్తకం ముందు కూర్చున్నంత సంబరం వేసింది. ఎంత బాగుందో!

బాబాయ్ ఎప్పుడొచ్చాడో, వెనకాల నిలబడి ఉన్నాడు. "ఛీ ఛీ, ఏం పనమ్మా ఇది? చెరిపెయ్!" అన్నాడు. హడలిపోయాడు పాపం.

"అలాగే బాబాయ్" అన్నాను. చెరపలేదు. దాచాను.

కౌంటరు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. నడివయసు ఆడమనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, చేతిలో ఒక ఫోటో. నా పేరు మూసేసి కొత్త పేజీ తెరిచాను.

"పేరు చెప్పండి" అన్నాను.